దత్తత వెళ్లిన కుక్కలు సరే, ఆ ఇళ్లలో నిలిచినవి ఎన్ని?

సంపాదకులకు నమస్కారాలు.

వీధికుక్కల దత్తత గురించి ఈ మధ్య పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. ఢిల్లీ వీధికుక్కల వ్యవహారంలో తన మునుపటి ఆదేశాన్ని సవరిస్తూ 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, ఇష్టమున్న జంతుప్రేమికులు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కలను దత్తత తీసుకోవచ్చని, అయితే అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని చెప్పింది. అదే నెలలో మన హైదరాబాద్ నగరపాలక సంస్థ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా నిర్వహించింది. ఇటువంటి మేళా ఎక్కడ జరిగినా మర్నాటి వార్త ఒకే తీరులో ఉంటుంది. ఇన్ని కుక్కలు వచ్చాయని, ఇన్నింటికి ఇల్లు దొరికిందని రాస్తారు, పక్కన కుక్కపిల్లను ఎత్తుకున్న పిల్లవాడి ఫొటో వేస్తారు. ఆ లెక్కను నేను తప్పుపట్టను, ఆ పని చేస్తున్నవారి శ్రమ నాకు తెలుసు. కాని ఆరు నెలలు గడిచాక వాటిలో ఎన్ని అదే ఇంట్లో ఉన్నాయన్న రెండో లెక్క నేను చదివిన ఏ వార్తలోనూ కనబడలేదు. కోర్టు పెట్టిన షరతు బరువంతా ఆ రెండో లెక్క మీదే ఉంది. మీ విలేకరులు ఇకమీదట మేళాకు వెళ్లినప్పుడు పోయినసారి ఇచ్చిన కుక్కల సంగతి ఏమిటని నిర్వాహకులను అడగాలని నా విన్నపం.

నేను సికింద్రాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటులో ఉంటాను. ఉద్యోగ విరమణ తర్వాత మా వారూ నేనూ వీధి నుంచి వచ్చిన కుక్కలను పెంచుతున్నాము, ఇల్లు కుదిరేదాకా కొన్నింటిని మా దగ్గర తాత్కాలికంగా ఉంచుకుంటున్నాము. నేను చూసినంతలో, దత్తత వెళ్లి వెనక్కి వచ్చిన కుక్కల్లో కరిచినందుకో జబ్బుపడినందుకో వచ్చినవి తక్కువ, భయపడుతున్నందుకు వచ్చినవే ఎక్కువ. మంచం కింద నుంచి బయటికి రావడం లేదని ఒకరు తెచ్చి ఇస్తారు. లిఫ్టు ఎక్కదని ఒకరు, తాము గడప దాటితే తలుపు గీరి గోళ్లు ఊడగొట్టుకుంటోందని ఒకరు, ఇంట్లో అందరితో బాగానే ఉండి మామగారిని చూస్తే మాత్రం మొరుగుతోందని మరొకరు. తెచ్చి ఇచ్చేవారు కనీసం తెచ్చి ఇస్తున్నారు. మొహం చాటేసి, ఏ అవుటర్ రింగ్ రోడ్డు పక్కనో దించేసి వచ్చేవారి సంగతి మనకు తెలిసే అవకాశమే లేదు.

ఈ చిక్కు మేళాలోనే మొదలవుతుంది. అక్కడికి వచ్చిన దయగల మనిషి కళ్లు సాధారణంగా రెండు కుక్కల మీద ఆగుతాయి. ఒకటి, అందరికన్నా ముద్దుగా ఉన్న పిల్ల. రెండోది, మూలకు ఒదిగి, ఎవరు ముట్టుకున్నా కదలకుండా, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్న పెద్ద కుక్క. “పాపం, ఎంత నెమ్మదిగా ఉందో” అని ఆ రెండోదాన్ని తీసుకెళ్తారు. అది నెమ్మది కాదు. పారిపోవడానికి దారి లేనప్పుడు భయపడిన కుక్క బిగుసుకుపోతుంది, తిండి ముట్టదు, తోకను పొట్ట కిందికి లాక్కుంటుంది, చెయ్యి వేస్తే ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడాన్ని చూసి మెత్తని స్వభావమని నిర్వాహకులు చెబుతారు, తీసుకునేవారు నమ్ముతారు. ఇంటికి వచ్చి కొంచెం తిండి తిని, కాస్త ధైర్యం చిక్కిన తర్వాతనే దాని అసలు స్వభావం బయటపడుతుంది. మొరగడం, గుర్రుమనడం, తలుపు గీరడం అప్పుడు మొదలవుతాయి. కొత్త చోటుకు వచ్చిన కుక్కకు బెదురు దిగడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది తన ఇల్లన్న నమ్మకం కుదరడానికి మూడు నెలలు పడుతుందని ఈ పనిలో ఉన్నవారు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. బెదురు కుక్కలకు అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. తీసుకున్నవారు మాత్రం మొదటి వారంలోనే తీర్పు చెప్పేస్తారు.

బెదిరిన కుక్కను చూడగానే ఎవరో కొట్టి ఉంటారని మనం అనుకుంటాము. కొన్నిసార్లు అది నిజమే. కాని భయం పుట్టడానికి దెబ్బలే తగలనక్కరలేదు. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు ఉన్న కాలంలో ఏయే మనుషులను, చప్పుళ్లను, వాసనలను, నేలలను చూసి ఏ హానీ జరగలేదని తెలుసుకుంటుందో, వాటిని జీవితాంతం మామూలు సంగతులుగా తీసుకుంటుంది. ఆ వయసులో చూడనిదంతా తర్వాత అనుమానాస్పదమే. మార్కెట్ వెనక సందులో పుట్టి పెరిగిన కుక్కకు లారీ హారన్ లెక్కలో లేదు గాని, నున్నని పాలరాతి నేల, తిరిగే ఫ్యాను, అద్దంలో తన నీడ, మూసుకునే లిఫ్టు తలుపు దాని ఊహకు అందనివి. పైగా మేళాకు వచ్చే పెద్ద కుక్కల్లో చాలావాటికి మనుషుల చేతుల్లో జరిగిన చివరి అనుభవం వలేసి పట్టడం, వ్యానెక్కించడం, ఆపరేషన్, బోను. సంతాన నిరోధక శస్త్రచికిత్స అవసరమే, 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషనూ టీకా అయిన కుక్కను పట్టిన చోటనే విడిచిపెట్టాలి కూడా. కాని అక్కడి నుంచి నేరుగా ఒక ఐదో అంతస్తు ఫ్లాటుకు వచ్చిన కుక్క మనిషి చెయ్యి పైకి లేస్తే ఎందుకు నేలకు అంటుకుపోతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న పండు ఇటువంటిదే. గోధుమరంగు ఆడకుక్క, ఎడమ చెవి కొస కత్తిరించి ఉంటుంది, అంటే ఆపరేషన్ అయిన గుర్తు. వచ్చిన కొత్తలో దానికి మా ఇంట్లో అన్నింటికంటే పెద్ద శత్రువు ప్రెషర్ కుక్కర్. కూత వినబడితే దివాను కింద దూరి మధ్యాహ్నం దాకా బయటికి వచ్చేది కాదు. చీపురు నేల మీద ఉంటే ఫరవాలేదు, ఎవరైనా దాన్ని చేతిలోకి తీసుకుంటే చాలు, ఉన్నచోటనే మూత్రం పోసేది. హెల్మెట్ తీయకుండా గుమ్మంలోకి వచ్చిన ఏ మనిషినీ సహించేది కాదు. గ్యాస్ సిలిండరు తెచ్చే అబ్బాయి దాన్ని గుమ్మం ముందు దభీమని దించిన రోజున అటు తిండీ లేదు, ఇటు నడకా లేదు. దాన్ని దివాను కింద నుంచి లాగాలని మేము ఎన్నడూ ప్రయత్నించలేదు. నీళ్ల గిన్నె దివాను పక్కనే పెట్టాము, రోజూ ఒకే వేళకు తిండి పెట్టాము, దాని వైపు సూటిగా చూడకుండా నేల మీద కూర్చుని పేపరు చదువుకునేవాళ్లము. కుక్కర్ సంగతి వేరుగా చూడవలసి వచ్చింది. మా అబ్బాయి కుక్కర్ కూతను ఫోనులో రికార్డు చేశాడు. ఆ చప్పుడును వినీ వినబడనంత తక్కువ స్థాయిలో పెట్టి, వినబడినప్పుడల్లా ఉడికించిన కోడి మాంసం ముక్క వేయడం, చప్పుడు ఆగితే ముక్క ఆగిపోవడం, ఇంతే పని. చెవులు వెనక్కి వాల్చిందంటే ఆ రోజుకు చప్పుడు పెంచకూడదు. వారాల తరబడి ఇది సాగాక ఒకరోజు నిజమైన కుక్కర్ కూసినప్పుడు దివాను కిందికి వెళ్లవలసిన పండు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నా చేతి వైపు చూసింది. చీపురు విషయంలో మాత్రం ఇప్పటికీ మార్పు లేదు. పండు ఉన్న గదిలో ఊడ్వము, అంతకు మించి దాన్ని బాగుచేయాలని మాకు పట్టుదల లేదు.

ఈ పద్ధతిలో కిటుకు ఏదీ లేదు. భయపడే వస్తువును కుక్క భరించగలిగినంత దూరంలో ఉంచడం, అది కనబడినప్పుడు మంచి జరుగుతుందన్న లంకె కలపడం, దూరాన్ని కుక్క వేగంతో తగ్గించడం. మనవాళ్లు సాధారణంగా చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. లిఫ్టంటే భయపడే కుక్కను “అలవాటవుతుందిలే” అని ఎత్తుకుని లిఫ్టులోకి తోసేస్తారు. అతిథులంటే భయపడే కుక్కను పదిమంది మధ్యకు తెచ్చి అందరిచేతా తల నిమిరిస్తారు. మెడను బిగించే గొలుసుతో, అరుపులతో, చుట్టచుట్టిన పేపరుతో దారికి తెస్తామనే శిక్షకులకు నగరంలో కొదవ లేదు. వాళ్లు వెళ్లాక కుక్క నెమ్మదించినట్లే ఉంటుంది, మేళాలో మూలన కూర్చున్న కుక్క నెమ్మదించినట్లే. భయపడుతున్నప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందని కూడా చాలామంది నమ్ముతారు, అది అపోహ. దగ్గరికి వచ్చిన కుక్కను పక్కన ఉండనివ్వడం వల్ల దాని భయం పెరగదు. రానిదాన్ని పట్టి లాగినప్పుడే పెరుగుతుంది.

మొరిగే కుక్క కరవదన్న సామెతను పిల్లలున్న ఇళ్లలో ఇక పక్కన పెట్టడం మంచిది. మొరిగి, గుర్రుమని, ఎవరూ పట్టించుకోకపోతే కరిచే కుక్కలే ఎక్కువ. మొరగడానికి ముందు కూడా అది చాలా చెబుతుంది. తిండి ఏదీ లేకుండా పెదవులు నాకుతుంది, నిద్ర రాకుండా ఆవులిస్తుంది, తల పక్కకు తిప్పుకుని కనుగుడ్ల తెల్లభాగం కనబడేలా ఓరగా చూస్తుంది, ఒక్క క్షణం కదలిక ఆపి బిగుసుకుంటుంది. ఆ క్షణంలో పిల్లవాణ్ణి పక్కకు తీసుకున్నవారి ఇంట్లో గొడవ అక్కడితో ఆగిపోతుంది. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానుతుంది, భయం మానదు. తర్వాతిసారి హెచ్చరిక లేకుండానే పళ్లు దిగుతాయి. మరో సంగతి కూడా గమనించాలి. ఒకేరోజు డప్పులు, కొత్త అతిథి, పశువుల ఆసుపత్రి ప్రయాణం వరసగా పడితే, మామూలుగా భరించే చిన్న విషయానికి కూడా కుక్క విరుచుకుపడుతుంది. అంచుదాకా నిండిన కుండ ఒక్క చెంబుకే పొర్లుతుంది. “ఏ కారణం లేకుండా కరిచింది” అని చెప్పే ఉదంతాల్లో చాలావాటికి ఉదయం నుంచీ కారణాలు పేరుకుంటూ ఉంటాయి. కరవడమంటూ జరిగితే పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకుండా గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపు, కారం, సున్నం పూయడం ఇప్పటికీ మానని ఇళ్లు ఉన్నాయి గనుక ఈ మాట రాయవలసి వచ్చింది.

ఇరుగుపొరుగు భయం కూడా నిజమైనదే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయిన తర్వాత, కుక్క కనబడితే బిడ్డను ఎత్తుకుని పక్కకు జరిగే తల్లిని చూసి విసుక్కునే హక్కు కుక్కలను పెంచేవారికి లేదు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం అపార్ట్‌మెంటు సంఘాలకు లేదని, మెజారిటీ ఓటు వేసినా చెల్లదని కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని, బెదురు కుక్కను గొలుసు లేకుండా మెట్ల మీద తిప్పేవారు మిగిలిన మా అందరికీ చేస్తున్న చేటు అంతా ఇంతా కాదు. కొత్తగా వచ్చిన భయపడే కుక్కకు మెడకు పట్టీ, ఒంటికి హార్నెస్ అనే ఛాతీ పట్టీ రెండూ వేసి, రెండింటికీ తాడు కట్టాలి. ఫోను నంబరున్న బిళ్ల మొదటి రోజే తగిలించాలి. బెదిరిన కుక్క మెడను వెనక్కి లాక్కుని పట్టీలో నుంచి జారిపోవడానికి రెండు క్షణాలు చాలు, అలా జారిన కుక్క పేరుపెట్టి పిలిచినా రాదు, ఎందుకంటే ఆ పేరు తనదని దానికి ఇంకా తెలియదు.

పండగల సంగతి తెలుగువారికి వేరుగా చెప్పాలి. మనుషుల చెవికి అందే చప్పుడు పౌనఃపున్యం ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, కుక్కలకు నలభై వేలు దాటినా వినబడుతుంది. బోనాల డప్పులు, వినాయక నిమజ్జనం డీజేలు, పెళ్లి ఊరేగింపులు, చివరకు దీపావళి, ఆషాఢం నుంచి కార్తికం దాకా హైదరాబాద్‌లో బెదురు కుక్కకు తెరిపి ఉండదు. దీపావళి రాత్రి ఎనిమిది నుంచి పది వరకే బాణసంచా కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన మాట మా వీధిలో ఎవరికీ గుర్తున్నట్లు లేదు. కనుక జాగ్రత్త మనమే పడాలి. చీకటి పడకముందే నడక ముగించి, కిటికీలు తక్కువున్న లోపలి గదిలో పరదాలు వేసి, ఫ్యానూ టీవీ పెట్టి, ఇంట్లో ఒకరు ఆ గదిలోనే ఉండాలి. తలుపు తీసి ప్రసాదం ఇచ్చే ఆ అర నిమిషంలోనే కుక్కలు బయటికి దూకుతాయి.

ఇంత చేసినా తగ్గని భయాలకు మందులు ఉన్నాయి. ఈ విషయంలో మనలో ఇంకా బిడియం ఉంది, కుక్కకు మానసిక వైద్యమేమిటని నవ్వేవారూ ఉన్నారు. ఒంటరిగా ఉండలేని కుక్కలకు మనుషుల కుంగుబాటుకు వాడే ఫ్లూక్సెటిన్ మందును పశువైద్యులు ఎప్పటి నుంచో వాడుతున్నారు. అది పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, శిక్షణతో కలిపితేనే ఫలితం ఉంటుంది. పండగ రాత్రి కోసం ఒక్కపూట ఇచ్చే మందులు వేరు. డాక్టరు చూసి ఇవ్వవలసిన వీటికి బదులుగా ఇంట్లో పెద్దవారి నిద్రమాత్ర సగం చేసి వేయడం ప్రమాదం. అన్నిటికంటే ముందు రక్తపరీక్ష చేయించాలి. నిన్నటిదాకా బాగుండి ఉన్నట్లుండి చిరాకుపడే కుక్కకు నొప్పి ఉండవచ్చు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన ఊళ్లలో ఎంత మామూలో, దాన్ని స్వభావ దోషమనుకుని శిక్షకుడి దగ్గరికి పంపడం కూడా అంతే మామూలైపోయింది.

ఇదంతా చదివి వీధికుక్క జోలికి వెళ్లకపోవడమే మేలని ఎవరైనా అనుకుంటే, కొనుక్కునే కుక్కల సంగతి అంతకన్నా మెరుగ్గా లేదని చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట ఒక మొబైల్ ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్‌ను చూసి ఊరూరా పగ్‌లను కొన్నారు. ముక్కు చప్పిడిగా ఉండే ఆ జాతి మన ఎండాకాలంలో ఊపిరి కోసం ఎంత అవస్థపడుతుందో కొన్న తర్వాత తెలిసింది. ఇప్పుడు హస్కీల వంతు. సైబీరియా మంచులో బండి లాగడానికి పెంచిన, రెండు పొరల బొచ్చున్న, రోజంతా పరుగెత్తాలని ఉండే కుక్కను నలభై అయిదు డిగ్రీల విజయవాడలో ఏసీ గదిలో బంధిస్తే అది సోఫా చింపడం దాని తప్పు కాదు. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. కళ్లు తెరిచి కొన్ని రోజులే అయిన పిల్లలను అట్టపెట్టెలో పెట్టి సెల్‌ఫోనులో బేరమాడేవారి దగ్గర ఈ రెండూ ఉండవు. తల్లీ తోబుట్టువుల నుంచి అంత తొందరగా విడదీసిన పిల్ల, ఎన్ని వేలు పోసి కొన్నదైనా, పెద్దయ్యాక బెదురు కుక్క కావడానికి కావలసినవన్నీ వెంట తెచ్చుకుంటుంది. 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమైనవంటూ ఇరవై మూడు కుక్క జాతులను నిషేధించమని రాష్ట్రాలకు రాసింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ రెండు నెలల చర్చ అంతా జాతుల పేర్ల చుట్టూ తిరిగింది గాని, పిల్ల ఏ వయసులో తల్లిని వదిలింది, ఎక్కడ పెరిగింది అన్న ప్రశ్నలు ఎవరి నోటా పెద్దగా వినబడలేదు. మన కొల్లేరు ప్రాంతపు జోనంగి జాతి కూడా, మంచి కుక్కే అయినా, అందరికీ నప్పదు. బాతుల మందలను కాసిన కుక్క అది. పొట్టి బొచ్చుతో ఎండకు తట్టుకుంటుంది, ఆవరణ ఉన్న పల్లెటూరి ఇంటికి దానంతటిది లేదు, రెండు గదుల ఫ్లాటులో మాత్రం దానికీ ఇంటివారికీ సుఖం ఉండదు.

కుక్కను ఎంచుకోవడమంటే ముందు మన ఇంటిని చూసుకోవడం. భార్యాభర్తలిద్దరూ ఉదయం తొమ్మిదికి వెళ్లి రాత్రికి వచ్చే ఇంట్లో రెండు నెలల పిల్ల పెరగదు, దానికి రోజుకు నాలుగుసార్లు తిండి, గంటగంటకూ బయటికి తీసుకెళ్లే మనిషి కావాలి. అటువంటి ఇంటికి, ఒంటరిగా పడుకుని నిద్రపోగలదని తాత్కాలికంగా ఉంచుకున్నవారు చూసి చెప్పిన నాలుగైదేళ్ల కుక్క బాగా కుదురుతుంది. విచిత్రమేమంటే మేళాల్లో అందరూ వదిలేసి వెళ్లేది ఆ వయసు కుక్కలనే. చంటిపిల్లలున్న ఇంట్లో, పిల్లలతో పెరిగినట్లు తెలిసిన కుక్కనే తీసుకోవాలి, “అలవాటు చేస్తాము” అన్న ధీమాతో మూలన నక్కినదాన్ని తేకూడదు. ఇంట్లో కుక్క వద్దన్న పెద్దవారు ఒక్కరున్నా ఆగడం మేలు. ఏడాదికోసారి టీకాలు, పిడుదుల మందు, ఊరికి వెళ్లినప్పుడు చూసుకునే మనిషి, పదిహేనేళ్ల దాకా బతకగల ప్రాణికి ముసలితనంలో అయ్యే ఖర్చు, వీటన్నిటికీ ఒప్పుకున్నాకే మేళాకు వెళ్లాలి. వెళ్లినా ఆ రోజే తీసుకోనక్కరలేదు. కుక్క ఉంటున్న చోటికి వేరే రోజు, వేరే వేళకు మళ్లీ వెళ్లి చూడండి, పిల్లలను, ఇంట్లో పెద్దవారిని కూడా తీసుకెళ్లండి. మీరు కూర్చుంటే అది ఎంతసేపటికి తనంతట తాను దగ్గరికి వచ్చిందో, చేతిలో తిండి తిన్నదో లేదో, గిన్నె పడిన చప్పుడుకు ఉలిక్కిపడి ఎంతసేపటికి తేరుకున్నదో గమనించండి. ఉలిక్కిపడని కుక్క ఉండదు, ఎంత త్వరగా తేరుకున్నదన్నదే చూడాలి.

చట్టం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్‌లో, ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు సరైన వ్యాయామం లేకుండా చేయడం, మరీ పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టేయడం, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరాలని స్పష్టంగా ఉంది. మొదటిసారి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఇవాళ ఒక ప్లేటు బిర్యానీకి చాలని ఆ యాభై రూపాయలకు భయపడి కుక్కను వదిలేయడం మానుకునేవారు ఎవరూ ఉండరు గనుక, వదిలేయవలసిన అవసరం రాకుండా చేసే ఏర్పాట్లే దిక్కు.

అందుకని నగరపాలక సంస్థలకు, జంతు సంక్షేమ సంస్థలకు నా సూచనలు కొన్ని ఉన్నాయి. మేళాకు తెచ్చే ప్రతి పెద్ద కుక్కనూ ముందుగా కనీసం రెండు వారాలు ఒక ఇంట్లో ఉంచి చూడాలి, ఎందుకంటే బోనులోని కుక్క స్వభావం బోనులో తెలియదు. దత్తత మొదట రెండు వారాల పరీక్షకాలంగా ఉండి, ఆ తర్వాతే కాగితాలు పూర్తి కావాలి. మొదటి వారంలో, నెలకు, మూడు నెలలకు సంస్థ నుంచే ఫోను వెళ్లాలి, కష్టం వచ్చినవారు తమంతట తాము చేస్తారని ఎదురుచూడకూడదు, చాలామంది సిగ్గుపడి చేయరు. అన్నిటికంటే ముఖ్యమైనది, కుక్కను వెనక్కి తీసుకునే ఏర్పాటు. తిరిగి తెచ్చి ఇచ్చినవారిని గుమ్మంలోనే నిలబెట్టి మీకు జాలి లేదా అని చీవాట్లు పెట్టే సంస్థల వల్లనే కుక్కలు రాత్రిపూట రోడ్డు పక్కన దిగుతున్నాయని నా గట్టి అభిప్రాయం. తమవల్ల కాదని నిజాయతీగా వచ్చి చెప్పినవారికి ఒక కుర్చీ వేసి, కుక్క ఏ చప్పుడుకు బెదిరింది, ఎవరిని చూసి మొరిగింది, రాత్రి ఎక్కడ పడుకుంది, ఎంతసేపు ఒంటరిగా ఉండగలిగింది, ఏ తిండికి దగ్గరికి వచ్చింది అని అడిగి రాసుకోవాలి. బోను దగ్గర నెలరోజులు నిలబడినా తెలియని సంగతులు వారికి తెలిసి ఉంటాయి. ఆ రాసిన కాగితాన్ని కుక్క చెవి గుర్తుతో, టీకాల పుస్తకంతో కలిపి ఉంచి, తర్వాత తీసుకోవడానికి వచ్చే కుటుంబం చేతికి కుక్కకంటే ముందుగా ఇవ్వాలి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
సికింద్రాబాద్.